తియ్యకూడని పుస్తకం

"ఆ కార్డు ఒక్కటి ఇప్పించండి టీచరమ్మా. నా కొడుకుని వదిలేస్తామన్నారు."

వచ్చిన దగ్గర్నుంచీ తంగం ఈ మాటే అంటోంది. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీద ఒక మూలగా కూర్చుంది. తలకు కట్టుకున్న గుడ్డ నుంచి రబ్బరు పాల వాసన వస్తోంది. పనికి వెళ్తున్నట్టు కనబడకపోతే ఎస్టేటు గేటు దగ్గర కాపలావాళ్ళు బయటికి వదలరని, పాలు గీసే బట్టలతోనే వచ్చేసింది.

దేవకి గుమ్మంలో నిలబడి వింటోంది. తంగం అరవంలో చెప్పినదంతా ఆమెకు అర్థమవుతూనే ఉంది. 

నిన్న సాయంత్రం ఈ ఇంట్లో సరస్వతి పూజ అయ్యాక తంగం కొడుకు లెచ్చుమనన్ ఎస్టేటుకి బయలుదేరాడు. దారిలో పోలీసులు ఆపి ఐసీ, అంటే గుర్తింపు కార్డు, చూపించమన్నారు. జేబులో లేదు. టీచరు గారింట్లో ఉందన్నాడు. ఎవరూ నమ్మలేదు. రాత్రంతా సుంగై సిపుట్ స్టేషనులోనే ఉంచారు. తెల్లవారాక తల్లి వెళ్ళి స్టేషను దొర కాళ్ళమీద పడితే, మధ్యాహ్నంలోగా కార్డు తెచ్చి చూపిస్తే వదిలేస్తాను, లేకపోతే రేపటి బండిలో ఇపో జైలుకి పంపేస్తానన్నాడట.

"నేను గంపెడు చెప్పుకున్నాను టీచరమ్మా. మధ్యలో నా మాట ఇంగ్లీషులోకి మార్చే పోలీసు ఉన్నాడే, వాడు దొరతో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు."

మెర్దేకా వచ్చి నెల దాటింది. ఎదురుగా పెద్దయ్య కొట్టుకి కట్టిన కాగితం జెండాలు వానలకి రంగు కారిపోయి ఇంకా వేలాడుతున్నాయి. స్వతంత్రం వచ్చింది గాని స్టేషను కుర్చీలోంచి దొర ఇంకా లేవలేదు. కర్ఫ్యూ పోలేదు. ఎస్టేటు కూలీల ఇళ్ళ లైన్ల చుట్టూ ముళ్ళకంచె పోలేదు. అడివిలో ఉన్న కమ్యూనిస్టులు జనం దగ్గర ఐసీలు పోగుచేస్తారని అందరికీ తెలుసు. కార్డు లేనివాడంటే వాళ్ళకి ఇచ్చేసినవాడేనని పోలీసుల లెక్క. విచారణలూ వాయిదాలూ ఉండవు, తలుపు మూస్తారు అంతే.

"కార్డు ఎక్కడికీ పోలేదు, లోపలే ఉంది. ఇప్పుడే తెస్తాను" అంది దేవకి.

ఆ మాట అంత తేలిగ్గా అనగలిగినందుకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ముందు గదిలోనే ట్యూషను జరిగేది. గోడకి నల్లబల్ల, కింద చాపలు, కిటికీ పక్క బెంచీ మీద పరీక్షనాళికలూ స్పిరిటు దీపమూ. సీనియర్ కేంబ్రిడ్జి పరీక్షకి లెక్కలూ ఫిజిక్సూ కెమిస్ట్రీ ఒక్క మనిషి చెప్పే ఇల్లు ఆ ఊళ్ళో ఇదొక్కటే. బడిలో సైన్సు మాస్టరు ఏడాదిలో సగం రోజులు ఉండడు. ఆ పరీక్ష గట్టెక్కి ఇపోలో కాలేజీ చదువులకి వెళ్ళినవాళ్ళు కూడా కాలిక్యులస్ అంతుపట్టక శనివారం శనివారం మళ్ళీ దేవకి చాప మీదికే వచ్చేవారు. ఆవిడ చెప్పేది ఎప్పుడూ ఒకటే. జవాబు ఒక్కటే రాస్తే మార్కులు రావు, ఎలా వచ్చిందో మెట్టు మెట్టు రాయాలి.

ఇవాళ ఆ గదిలో నల్లబల్ల కింద పీట వేసి ఉంది. పీట మీద సరస్వతి పటం, పటం ముందు పిల్లలందరి పుస్తకాలూ దొంతి. జామెట్రీ పెట్టెలు, మూలమట్టాలు, ఒక స్లైడ్ రూలు. అన్నిటికీ పసుపు, కుంకుమ. నాయనమ్మ కూర్మమ్మ యాసిడ్ సీసాకి కూడా బొట్టు పెట్టింది. మార్కులిచ్చే దేవత అంటే కులమేమిటి మతమేమిటని చైనా డాక్టరు గారి కొడుకు తన ఫిజిక్స్ పుస్తకం తెచ్చి అందరికన్నా ముందు పెట్టాడు.

ఆ దొంతిని దీపం పెట్టాక ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రాత్రికి పుస్తకాలు దేవివి. విజయదశమి పొద్దున్న మళ్ళీ పూజ చేసి, ఎవరి పుస్తకం వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకుని, ఒక్క లెక్కయినా చెయ్యాలి. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చేటప్పుడు కూర్మమ్మ వెంట తెచ్చుకున్న సామానులో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నది ఆ నియమం ఒక్కటే.

నిన్న జరిగింది దేవకికి కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. లెచ్చుమనన్ ఐసీని జేబులో పెట్టుకోడు. వాన వస్తే తడిసిపోతుందని లాగ్ టేబుల్స్ పుస్తకం అట్టలో దోపుకుంటాడు. ఆ పుస్తకం వాణ్ణి వదిలి ఉండదు గనక కార్డూ వదలదని వాడి లెక్క. ఆ లెక్కలో ఏడాదికి ఒక్క రోజు తప్పిపోయింది. గుగ్గిళ్ళు తిని, చెయ్యి కడుక్కుని, చెప్పులు తొడుక్కున్నాక వాడికి కార్డు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి దొంతి వంక చూశాడు. వాడి పుస్తకం అడుగునుంచి రెండోది.

"దీపం ఎలుగుతుంటే దొంతి కదుపుతారేటి? సదువు కదిలిపోద్ది" అంది కూర్మమ్మ.

దేవకి తండ్రి కాంతయ్య పడక కుర్చీలోంచి నవ్వుతూ, గేటు కాపలావాళ్ళు వీణ్ణి పుట్టినప్పటి నుంచి ఎరుగుదురు, ఒక్క పూటకి ఏమీ అవదన్నాడు. లెచ్చుమనన్ తనే కూర్మమ్మకి చేతులు జోడించి, "పర్వాలేదు పాట్టీ, జాగ్రత్తగా పోతాను" అన్నాడు. వాడికీ పరీక్ష దగ్గర పడింది. దేవికి కోపం తెప్పించే ధైర్యం వాడికి మాత్రం ఎక్కడిది?

దేవకి ఆ పక్కనే నిలబడి ఉంది. చెయ్యి చాపితే అందేది. న్యూటన్ సూత్రాలు చెప్పే మనిషి, నాయనమ్మ ముఖం చూసి ఊరుకుంది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

కూర్మమ్మ స్నానం చేసి వచ్చేసరికి మనవరాలు పీట ముందు మోకాళ్ళ మీద ఉంది. పూజ కాలేదే అనబోయి, గుమ్మం అవతల తంగం ముఖం చూసి ఆగిపోయింది. చేతిలో పువ్వులు పటం మీద వేసి, గబగబా హారతి వెలిగించి, "తియ్యమ్మా, తీసీ" అంది. అంత చిన్న పూజ ఆ ఇంట్లో ఎన్నడూ జరగలేదు.

దేవకి లాగ్ టేబుల్స్ పుస్తకం లాగింది. ఇప్పుడది దొంతి మధ్యలో ఉంది.

అట్ట మడత విప్పింది. కార్డు లేదు. వెనక అట్ట చూసింది. పేజీలన్నీ తిరగేసింది. పుస్తకం తలకిందులు చేసి దులిపింది. రెండు మల్లెరేకులు రాలాయి. తరవాత దొంతిలో ఉన్న పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తీసి దులిపింది. జామెట్రీ పెట్టెలు తెరిచింది. పీట లేవనెత్తి చూసింది.

"కంగారు పడకమ్మా, నెమ్మదిగా ఎతుకు" అంటోంది కూర్మమ్మ. 

వెనక పడక కుర్చీలో కాంతయ్య పేపరు చదువుకుంటున్నాడు. ఇంట్లో ఇంత జరుగుతుంటే ఏమిటని అడగలేదు. అరుగు మీద ఎవరు ఏడుస్తున్నారని అడగలేదు. పక్కన ముక్కాలిపీట మీద కోపి గ్లాసు ఉంది.

దేవకి చూపు ఆ గ్లాసు మీద ఆగింది. తను ఇవాళ ఇంకా పొయ్యి వెలిగించలేదు. నాయనమ్మ పూజ కాకుండా వంటింట్లోకి పోదు. ముప్ఫై ఏళ్ళు ఎస్టేటు ఆఫీసులో కిరాణీగా, అంటే గుమాస్తాగా, ఉద్యోగం చేసి, రికార్డులు తప్ప మరొకటి ముట్టుకోని మనిషి కాంతయ్య. భార్య పోయిన ఏడు కూడా మంచినీళ్ళు ముంచుకుని తాగలేదు. అలాంటిది ఇవాళ తెల్లవారకుండానే తన కోపి తానే కాచుకున్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చూసింది. బొగ్గుల మీద పల్చటి తెల్లటి బూడిద పొరలుగా నిలబడి ఉంది. ముట్టుకుంటే పొడి అయిపోయింది.

ఆమె తిరిగి వచ్చి తండ్రి ముందు నిలబడింది. అరుగు మీదికి వినపడకుండా అడిగింది.

"ఏటి సేసినావు నాయనా?"

కాంతయ్య పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. అబద్ధం ఆడతాడేమోనని ఆమె ఆశపడింది. అబద్ధమాడినా కాసేపు ఊపిరి పీల్చుకునేది.

"పొయ్యిలో ఏసినాను" అన్నాడు.

కూర్మమ్మ గోడ పట్టుకుని చాప మీద కూలబడింది.

కాంతయ్య గొంతు పెంచలేదు. ఆఫీసులో లెక్క ఒప్పజెప్పినట్టు ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. నిన్న చీకటి పడే వేళ, దేవకి పెరట్లో నీళ్ళు పోసుకుంటుండగా, పెద్దయ్య రోడ్డు దాటి వచ్చి లెచ్చుమనన్‌ని పట్టుకున్నారని చెవిలో చెప్పి వెళ్ళాడు. పోలీసులు ఇవాళ ఇంటికొచ్చి వెతుకుతారని కూడా చెప్పాడు. ఒకరి కార్డు ఇంకొకరి ఇంట్లో దొరికితే దాన్ని ఏమంటారో తెలుసా? దేవుడి పీట కింద దొరికినా అంతే. ఇంకా ఎన్ని కార్డులు దాచినారు, ఎవరికి పంపుతున్నారు అంటారు. రోజూ పది మంది కుర్రాళ్ళు వచ్చిపోయే ఇల్లు. బెంచీ మీద యాసిడ్ సీసాలున్న ఇల్లు.

"అయితే తీసుకెల్లి ఇచ్చేస్తే అయిపోను గదా? నాకు సెప్తే నేనే ఎల్లి ఇచ్చుదును."

"పకీరిసామి ఇలాగే ఎల్లినాడు" అన్నాడు కాంతయ్య.

ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. పకీరిసామి పక్క ఎస్టేటులో కిరాణీ, కాంతయ్యకి ప్రాణ స్నేహితుడు. తోటలో ఎవరో పడేసిన సంచీ దొరికితే మంచివాడిలా స్టేషనుకి తీసుకెళ్ళి ఇచ్చాడు. సంచీలో ఏముందో అతనికి తెలియదు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉండిపోయాడు. జైల్లోంచి తిన్నగా నాగపట్నం ఓడ ఎక్కించారు. పుట్టి బుద్ధెరిగాక చూడని దేశానికి, కట్టుబట్టలతో.

"వచ్చే వారం నా సిటిజెన్ ఇచారణ. నేను ఇక్కడ పుట్టినోణ్ణి కాదు, దేవకీ. మెర్దేకా అని మైదానంలో అందరితో పాటు అరిసినాను గాని ఈ దేశం ఇంకా నన్ను తనోడు అన్లేదు. ఒక్క పోలీసు రిపోర్టు సాలు, నన్నూ మీ మామ్మనీ ఓడెక్కించడానికి. అక్కడ మనకెవరున్నారు?"

దేవకికి తండ్రి భయం కొత్త కాదు. జపానువాళ్ళ కాలంలో అదే భయం ఆ ఇంటిని కాపాడిందని నాయనమ్మ చెబుతుంది. కానీ ఆ భయానికి ఇంతకు ముందు ఎవరూ బలికాలేదు.

"మనకెవరూ లేరు సరే. ఆవిడికి ఆడొక్కడే ఉన్నాడు" అంది.

కాంతయ్య లేచి కోటు తొడుక్కున్నాడు. స్టేషనుకి తనూ వస్తానన్నాడు. నువ్వు నోరు విప్పొద్దు, చెప్పాల్సింది నేను చెబుతానన్నాడు. దారి పొడుగునా తంగం ముందు నడిచింది. దేవకి చేతిలో ఏమీ లేదని ఆమె చూసింది. అడగలేదు. పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, కోటు జేబులో పెట్టుకుని ఉంటారనుకుంది.

స్టేషనులో దొర మంచివాడే. వయసులో చిన్నవాడు, ఎండకి ముక్కు మీద తోలు ఊడి ఎర్రగా ఉన్నాడు. దేవకికి కుర్చీ వేయించాడు. గోడ వారగా బల్ల మీద లెచ్చుమనన్ కూర్చుని ఉన్నాడు. నిన్న పూజకి వేసుకున్న తెల్ల చొక్కా, నుదుట కుంకుమ చెరిగిపోయి ఎర్రటి మరక. టీచరుని చూడగానే లేచి నిలబడ్డాడు. వాడి ముఖం తేటపడింది. అది చూడలేక దేవకి కళ్ళు దించుకుంది.

పుస్తకాలని రాత్రంతా దేవత ముందు పెడతారట, తీయకూడదట, నిజమేనా అని దొర ఇంగ్లీషులో అడిగాడు. నిజమేనన్నాడు కాంతయ్య. ముప్ఫై ఏళ్ళు దొరల దగ్గర పనిచేసిన ఇంగ్లీషు, ఎక్కడా తడబడదు. దొర నవ్వి, అయితే ఆ కార్డు ఇటివ్వండి, ఈ సంగతి ఇక్కడితో ముగించేస్తానన్నాడు.

"మా ఇంట్లో అలాంటి కార్డేమీ లేదండి" అన్నాడు కాంతయ్య.

అక్షరాలా నిజం. మా ఇంట్లో లేదు. ట్యూషను పిల్లలెవరైనా అలా రాస్తే దేవకి ఎర్ర పెన్సిలుతో కొట్టేసేది. జవాబు సరిగ్గానే ఉంది, మధ్య మెట్లన్నీ మింగేశాడు.

దొర దేవకి వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. మీరు టీచరు గారు కదా. ఆ కార్డు ఆ పుస్తకంలో ఉండగా మీరు చూశారా?"

 చూశాను అంటే తరవాతి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. మరి అది ఏమైంది? ఎవరు తీశారు? ఇంకొకడి ఐసీ తగలబెట్టడం చిన్న నేరం కాదు. పక్కన నాన్న కోటు గుండీ పెడుతూ తీస్తూ ఉన్నాడు. నాన్నని అలా ఆమె అమ్మ పాడె కట్టిన రోజు చూసింది, మళ్ళీ ఇప్పుడే.

ఆమె దొర వైపు కాకుండా తండ్రి వైపు చూసింది. 

లెచ్చుమనన్ ఇద్దరి ముఖాలూ చూశాడు. తెలివైనవాడు. ట్రిగనామెట్రీలో లెక్క సగం చెప్పేసరికి మిగతా సగం వాడే చెప్పేసేవాడు. వాడి ముఖంలో వెలుగు ఆరిపోయింది. ఆరిపోవడం దేవకి చూసింది.

"నేనే ఎక్కడో పారేసుకున్నట్టున్నాను సార్. పుస్తకంలో పెట్టాననుకున్నాను" అన్నాడు. ఆమె నేర్పిన ఇంగ్లీషే, నిదానంగా, తప్పు లేకుండా. "టీచరుకి ఏమీ తెలియదు."

దొర పెన్ను తీసి రాసుకున్నాడు. రేపటి బండిలో ఇపో. అక్కడ పెద్దవాళ్ళు మాట్లాడతారు. పరీక్ష ఉందని దేవకి గొణిగింది. అది తన చేతిలో లేదన్నాడు దొర, నిజంగానే బాధపడుతూ. కార్డు లేనివాణ్ణి పరీక్ష హాల్లోకి ఎలాగూ రానివ్వరన్నాడు.

మెట్లు దిగాక తంగం దేవకి చెయ్యి పట్టుకుంది. ఆ గదిలో జరిగిన మాటల్లో ఆమెకు ఒక్కటీ తెలియలేదు. అంతా ఇంగ్లీషు.

"నా కొడుకు ఏమన్నాడు టీచరమ్మా?"

కాంతయ్య ముందుకు నడిచాడు, వినపడనట్టు.

"కార్డు ఎక్కడో పారేసుకున్నానన్నాడు" అంది దేవకి.

తంగం నిలబడిపోయింది. తల అడ్డంగా ఊపింది. వాడు పారేసుకునే పిల్లాడు కాదంది. మొదటి రోజు టీచరమ్మ ఇచ్చిన రబ్బరు ముక్క అరిగి అరిగి బఠాణీ అంత అయినా ఇంకా పెట్టెలోనే ఉందంది.  ముగ్గురూ ఇంటిదారి పట్టారు.

ఇంటి ముందు చెప్పులు బారులు తీరి ఉన్నాయి. విజయదశమి కదా, పిల్లలు వచ్చేశారు. కూర్మమ్మ వాళ్ళని చాపల మీద కూర్చోబెట్టి ఎవరి పుస్తకం వాళ్ళకిచ్చింది. ఎవరూ లెక్క చెయ్యడం లేదు. సంగతి ఊరంతా పాకినట్టుంది. గుణవతి అనే పిల్ల ముందు వరసలో పెన్సిలు కొరుకుతూ దించిన తల ఎత్తలేదు. ఇవాళ ఎంతమంది ఉన్నారో రేపు అంతమంది ఉండరని దేవకికి అనిపించింది.

పీట మీద ఒక్క పుస్తకం మిగిలింది.

తంగం ఈసారి పిలవకుండానే లోపలికి వచ్చింది. పిల్లల మధ్య నుంచి వెళ్ళి ఆ లాగ్ టేబుల్స్ పుస్తకం అందుకుంది. చదవడం రాదు గాని అది కొడుకుదని అట్ట చూస్తే తెలుసు. కళ్ళకద్దుకుంది. ఇపోలో అయినా చదువుకుంటాడు, బండి కదిలేలోగా ఇచ్చొస్తానంది.

కూర్మమ్మ అది చూసి తట్టుకోలేకపోయింది. "దీపం ఆరిపోయినా బాగుండును. నా నోరు పడిపోయినా బాగుండును" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ ఏడుపు ఎందుకో అర్థంకాక తంగం ముసలావిడ వైపు చూసింది. తరవాత దేవకి వైపు చూసింది.

"తంగమక్కా" అంది దేవకి. ఇన్నాళ్ళలో ఆమెను అక్కా అని పిలవడం అదే మొదలు. అరవంలో, పిల్లలందరూ వింటుండగా చెప్పింది. "నీ కొడుకు కార్డు పారేసుకోలేదు. ఆ పుస్తకంలోనే పెట్టాడు. నేను చూశాను. మా నాన్న భయపడి పొద్దున్న పొయ్యిలో వేసేశాడు. ఆ సంగతి వాడికి అక్కడే తెలిసిపోయింది. మమ్మల్ని కాపాడ్డానికి అలా చెప్పాడు. నేను కూర్చుని విన్నాను."

కాంతయ్య గుమ్మం దగ్గర కోటు విప్పుతున్నవాడు విప్పుతున్నట్టే ఆగిపోయాడు.

తంగం గుండెలు బాదుకుంటుందని, శాపనార్థాలు పెడుతుందని దేవకి అనుకుంది. పెడితే బాగుండుననీ అనుకుంది. తంగం మాత్రం చాలాసేపు కాంతయ్య వంక చూసింది. ఆ ఎస్టేటులో ఆమె పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆమె హాజరు వేసింది ఆ మనిషే. ఏనాడూ ఆయన ముఖంలోకి నేరుగా చూసి ఎరగదు.

తరవాత పుస్తకం చంకలో పెట్టుకుని, పిల్లల ముందు వరస పక్కన చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఆ పోలీసు నా మాట సరిగ్గా చెప్పడు" అంది. "ఇది దొర మాటలో ఎలా చెప్పాలో నాకు నేర్పండి టీచరమ్మా. నేనే వెళ్ళి చెప్పుకుంటాను."

 దేవకి నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, సుద్దముక్క తీసుకుని, మళ్ళీ పెట్టేసింది. చదవడం రాని మనిషికి బల్ల మీద రాసి ఏం లాభం? వచ్చి తంగం ఎదురుగా నేల మీద కూర్చుంది.

"మై సన్" అంది.

"మై సన్" అంది తంగం.

"డిడ్ నాట్ లూజ్."

"డిడ్ నాట్ లూజ్."

"హిజ్ కార్డ్."

తంగం మూడూ కలిపి చెప్పుకుంది. తప్పింది. మళ్ళీ చెప్పుకుంది. పెదవులు ముందుకు చాచి, కత్తితో చెట్టుకి గాటు పెట్టేటప్పుడు ఉండే శ్రద్ధతో, మాట మాట విడదీసి చెప్పుకుంది. ఈసారి సరిగ్గా వచ్చింది. గుణవతికి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"తరవాత మాట ఏమిటి టీచరమ్మా? ఎవరు కాల్చారో అది."

దేవకి తల ఎత్తింది. తండ్రి గుమ్మంలోనే ఉన్నాడు, ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట. తరవాత నేర్పబోయే మాట ఆయనకి తెలుసు. ఆ ఇంట్లో అందరికన్నా ఇంగ్లీషు బాగా వచ్చింది ఆయనకే.